మా తమ్ముడికి కాపలా

కెల్ప్ కోవ్ దారిలో చివరి పెట్రోలు బంకు దాటామంటే ఇక ఫోను పనిచెయ్యదు. అందుకేనేమో, మా తమ్ముడు హేడెన్ సరిగ్గా అక్కడే కారు ఆపమన్నాడు.

"ఆపడానికి వీల్లేదు. వెనకాల ఐసుపెట్టె నిండా సాసేజీలున్నాయి. ఎండ చూశావా?" అన్నాను.

నేను డెవన్‌పోర్టులో మాంసం కొట్లో పనిచేస్తాను. మనుషులు చెమటలు కక్కుతున్నా పట్టించుకోను గానీ మాంసం చెమర్చితే ఊరుకోను.

"ఐదు నిమిషాలక్కా. ఒకావిడతో ఫోన్లో మాట్లాడాలి. నువ్వు కూడా వినాలి."

ఆవిడ అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ముప్ఫై ఆరేళ్ళొచ్చినా వీడికి ఒక ఆడతోడు లేదు, మగతోడు లేదు, కలిసి బీరు తాగే స్నేహితుడైనా లేడు. మా ద్వీపానికి అవతలి కొసన, హోబార్టులో ఒక గదిలో తలుపేసుకుని ఎవరెవరి ఇళ్ళకో కంప్యూటర్లో ప్లాన్లు గీస్తుంటాడు. నాన్న పోయినప్పుడు కూడా వెనక వరుసలో నిలబడి, టీ అయినా తాగకుండా వెళ్ళిపోయాడు. ఈసారి నాన్న బూడిద సముద్రంలో కలుపుతున్నాం. రాకపోతే నా కడుపున పుట్టలేదనుకుంటానని అమ్మ బెదిరిస్తేనే బయల్దేరాడు. ఇన్నాళ్ళకి ఒక మనిషి దొరికిందన్నమాట అనుకుని చెట్టునీడన కారు ఆపాను.

వాడు ఫోను డాష్‌బోర్డు మీద పెట్టి, గొంతు బయటికి వినబడేలా నొక్కాడు.

"ట్రూడీ గారాండీ? నా పేరు ఓఫా." టోంగా దీవుల వాళ్ళ పేరు. గొంతు నిండుగా ఉంది.

"హలో అండీ! మావాణ్ణి భరిస్తున్నందుకు ముందు మీకో దండం," అన్నాను నవ్వుతూ.

"నేను డాక్టర్నండీ. యూనివర్సిటీలో మనస్తత్వం మీద పరిశోధన చేస్తాను. హేడెన్ ఏడాదిగా మా అధ్యయనంలో ఉన్నారు. మీకొక విషయం చెప్పాలనుకుంటున్నారు. చెప్పేటప్పుడు నేను లైన్లో ఉండాలన్నారు."

కేన్సరు అనుకున్నాను. అదే అయితే ఎంత బావుండేదో అని ఆ తర్వాత గంటలో చాలాసార్లు అనిపించింది. అనుకున్నందుకు సిగ్గుపడే ఓపిక కూడా అప్పుడు లేదు.

హేడెన్ ఎదురుగా రోడ్డు చూస్తూ చెప్పాడు. "పెద్దవాళ్ళ మీద కలగాల్సిన ఆశ నాకు చిన్నపిల్లల మీద కలుగుతుందక్కా. చిన్నతనంనుంచీ అంతే. నేనెవర్నీ ఏమీ చెయ్యలేదు. చెయ్యను. కానీ నాలో అది ఉంది."

మాటలు చెవిలో పడ్డాయి, బుర్రకెక్కలేదు. ఎక్కేసరికి పిల్లలు గుర్తొచ్చారు. ఎనిమిదేళ్ళ మా ఇమ్మీ, ఐదేళ్ళ మా ఫ్లిన్ రెండ్రోజుల ముందే వాళ్ళ అమ్మమ్మతో కలిసి కెల్ప్ కోవ్‌లో మేం సెలవులు గడిపే రేకుల ఇంటికి వెళ్ళారు. నేను నా చేత్తో కారు తోలుకుంటూ వీణ్ణి వాళ్ళ దగ్గరికే తీసుకెళ్తున్నాను.

"నా పిల్లల్ని..."

"లేదక్కా."

"ఎప్పుడైనా..."

"లేదు. ఒట్టు."

తలుపు తోసుకుని దిగి, వెనక చక్రం దగ్గర పొద్దున తిన్నదంతా కక్కేశాను. పక్కన ట్రక్కులో పెట్రోలు పోసుకుంటున్నవాడు "ఏమ్మా, నెల తప్పావా?" అన్నాడు. నోర్మూసుకుని నీ పని చూసుకోమన్నాను. కారు తలుపు పట్టుకుని నిలబడ్డాను. తమ్ముణ్ణి అక్కడే వదిలేసి వెళ్ళిపోవాలనిపించింది. వాడు అదే చోట, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, హెడ్‌మాస్టరు గది బయట కూర్చున్న కుర్రాడిలా ఉన్నాడు.

మళ్ళీ ఎక్కి ఫోను మీద విరుచుకుపడ్డాను. "ఇలాంటివాణ్ణి లోపలెయ్యకుండా ప్రశ్నలడుగుతూ కూర్చున్నారా మీరు?"

"చెయ్యని పనికి ఎవరు లోపలేస్తారండీ?" ఆవిడ గొంతు పెంచలేదు. "ఇలాంటి ఆశ ఉన్నవాళ్ళందరూ పిల్లల జోలికి పోరు. కొందరు జీవితమంతా తమకు తామే కాపలా కాసుకుంటారు. వాళ్ళెలా కాసుకుంటున్నారు, ఎక్కడ జారిపోతున్నారు అన్నదే మా పని. జారేవాళ్ళని ముందే పట్టుకోగలిగితే ఒక పసిబిడ్డకి కీడు తప్పుతుంది కదండీ."

"ఎక్కడ జారిపోతారు?"

"అందరూ ఒకచోటే జారరు. మా దగ్గరికొచ్చినవాళ్ళలో మాత్రం ఒంటరితనం చాలాసార్లు కనబడుతోంది. మనుషులకి చెప్పుకోలేనివాడు కంప్యూటర్లో చెప్పుకుంటాడు. అక్కడ పట్టుకుని ఆపేవాళ్ళూ ఉంటారు, ఫర్వాలేదులే అనేవాళ్ళూ ఉంటారు. ఆ రెండోరకం వాళ్ళు చాలా ఓపిగ్గా వింటారండీ. అందుకే ఎదురుగా ఉండే మనిషి ఒక్కరికైనా తెలియాలని నేనే చెప్పాను. ఆయన మిమ్మల్ని ఎంచుకున్నారు."

"పెద్ద బహుమతే ఇచ్చాడు!"

"మీకు భయం వెయ్యాలి ట్రూడీ గారూ. వెయ్యలేదంటే నాకు భయమేసేది."

అప్పుడు హేడెన్ మొదటిసారి నావైపు తిరిగాడు. "నన్ను వాళ్ళతో ఒంటరిగా వదలొద్దు, అంతే నేనడిగేది. అమ్మ నా పక్క మంచాల గదిలో వేస్తుంది. నేను కాదంటే ఎందుకని పీకుతుంది. నువ్వు అడ్డం పడాలి. వద్దంటే ఇక్కణ్ణుంచే బస్సెక్కి పోతాను."

మా రేకుల ఇంట్లో మంచాల గదంటే ఒకదాని మీద ఒకటి బిగించిన చెక్కమంచాలు. పిల్లలందరూ అందులోనే పడుకుంటారు. వాళ్ళతో పాటు పెళ్ళికాని బాబాయో మామయ్యో ఒకడు పడుకుని దయ్యాల కథలు చెప్పాలి. మా తాతల నాటి పద్ధతి అది. తెల్లారేదాకా పిల్లల కేకలు వినబడితేనే సెలవులు సెలవుల్లా ఉన్నట్టు లెక్క. హేడెన్ ఏటా ఏదో వంక పెట్టి ఎగ్గొడతాడు. మేం ఏటా ఎగతాళి చేస్తాం.

పొమ్మందామని నోటిదాకా వచ్చింది. వాడు బస్సెక్కి, మళ్ళీ ఆ గదిలో దూరి తలుపేసుకోవడం కళ్ళకు కట్టింది. ఆవిడ అప్పుడే చెప్పిన ఒంటరితనమంటే అదేగా. బండి స్టార్టు చేశాను. ప్రేమతో చేశానని చెప్పను. కళ్ళెదుట ఉంటే కాపలా కాయొచ్చు, అందుకని చేశాను.

మట్టిరోడ్డు మొదలయ్యాక నేనే అడిగాను. "ఫర్వాలేదనేవాళ్ళన్నారే, వాళ్ళెవరు?"

"ఒకడే అక్కా. అసలు పేరెప్పుడూ చెప్పలేదు. మొదట మంచి గుంపులోనే కలిశాడు. తప్పుదారి పట్టకుండా ఒకర్నొకరు ఆపుకునే గుంపు. వయసులో పెద్దవాడు. రోజూ పొద్దున్నే పలకరించేవాడు. వాళ్ళింట్లో మూడుకాళ్ళ ముసలి కుక్క ఉంది, పిక్లెట్ అని. రోజూ దాని ఫోటో పంపేవాడు." వాడి పెదాల మీద చిన్న నవ్వు వచ్చి పోయింది. "రెండేళ్ళు. నన్ను తిన్నావా అని అడిగింది వాడొక్కడే. తర్వాత మెల్లగా, నువ్వనుకున్నంత తప్పేం కాదులే అనడం మొదలెట్టాడు. ఇంకో గుంపుకి రమ్మన్నాడు. భయమేసి మానేశాను. ఆ మాటలన్నీ చెరిపెయ్యకుండా దాచమని ఓఫా గారు చెప్పారు."

"రెండేళ్ళు ఏం మాట్లాడుకున్నార్రా?"

"అన్నీ. నాన్న జబ్బు. మన రేకుల ఇల్లు. నువ్వు. పిల్లలు."

పిల్లలన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. మిగతాది నేను వినలేదు.

అమ్మ వరండాలో బీట్‌రూట్ డబ్బా తెరుస్తోంది. మా అమ్మ నోలీన్‌కి డెబ్భై దాటినా గొంతు మాత్రం అవతలి ఒడ్డుకి వినబడుతుంది.

"వచ్చాడయ్యా సన్యాసి! ఏరా, మొహం అలా పాలిపోయింది? ఎండ తగిలితే కరిగిపోతావా?"

"పిల్లలేరమ్మా?" అన్నాను. అదొక్కటే నాకు కావాలి.

"రస్‌తో రాళ్ళ మడుగుల దగ్గరికెళ్ళారు. పీతలు పడుతున్నారు."

"రస్ ఎవరు?"

"చక్రాల ఇంటిబండి, ఆ కారవాన్‌లో దిగాడే, ఆయన. నీకు తెలీదులే. నీళ్ళ మోటారు పాడైతే చిటికెలో బాగుచేసి పెట్టాడు. పొద్దున్నే చేపలు శుభ్రం చేసి మరీ తెస్తున్నాడు. పిల్లలు ఒక్క నిమిషం వదలట్లేదు ఆయన్ని. నీ తమ్ముడిలా గోడకి మొహం పెట్టి కూర్చునే రకం కాదమ్మా."

ఆయన ఇంటిపేరేంటని అడగలేదు. చేప తెచ్చినవాణ్ణి ఇంటిపేరు అడిగే అలవాటు కెల్ప్ కోవ్‌లో లేదు. తలుపులకి గడియ వేసే అలవాటూ లేదు. ఎవరైనా చేప తెస్తే కుర్చీ జరిపి బీరు ఇస్తాం. నిజం చెప్పాలంటే నాకు కొండంత ఊరట కలిగింది. పిల్లలు దూరంగా ఉన్నారు, పక్కన పెద్దమనిషి ఉన్నాడు. సాయంత్రందాకా వాళ్ళని ఆయన దగ్గరే ఉంచమని అడుగుదాం, ఈలోపు వీడి సంగతి చూద్దాం అనుకున్నాను.

"హేడెన్ పక్క మంచాల గదిలో వేశాను. ఈసారి తప్పించుకోలేడు," అంది అమ్మ విజయగర్వంతో. "ఒంటరిగా ఉండి ఉండి వీడి బుర్ర తుప్పు పట్టింది. పిల్లల మధ్య పడేస్తే మనిషవుతాడు."

"వాడక్కడ పడుకోడు."

"ఏం?"

ఏం చెప్పాలో తోచలేదు. "గజ్జి," అన్నాను. "వాడికి గజ్జి పట్టింది. పిల్లలకి అంటుకుంటుంది."

"గజ్జా!" అమ్మ డబ్బా కింద పెట్టి రెండడుగులు వెనక్కేసింది. "హోబార్టులో స్నానం చెయ్యరురా మీరు?"

"అవునమ్మా," అన్నాడు హేడెన్ తల వంచుకుని. "వెనకాల డేరాలో పడుకుంటాను."

అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. వాడికీ వచ్చింది. ఆ క్షణం వాడు నా వెంట సైకిలు మీద తిరిగిన తమ్ముడే. వెంటనే గుర్తొచ్చి నవ్వు ఆపేసుకున్నాను. వాడు కూడా ఆపేశాడు.

వాడి పక్కబట్టలు తీసెయ్యడానికి లోపలికెళ్ళాను. పై మంచం మీద ఇమ్మీ బొమ్మ, కింద మంచం మీద మడతపెట్టిన వాడి దుప్పటి. దుప్పటి లాగేస్తూ కిటికీలోంచి చూశాను. వరండాలో అమ్మ చేతులు ఊపుతూ ఏదో చెబుతోంది. హేడెన్ ఆవిణ్ణి ఏదో అడిగాడు. అమ్మ బదులు చెప్పింది. వాడు వరండా మెట్లు ఒక్క గెంతులో దిగి పరుగెత్తడం మొదలుపెట్టాడు.

రాళ్ళ మడుగుల వైపు. నా పిల్లల వైపు.

నేనెలా దిగానో నాకు తెలీదు. చెప్పులు లేవు, చేతిలో దుప్పటి అలాగే ఉంది. ఇసుకలో వాడి బూట్లు దిగబడ్డాయి, పైగా రోజూ గొర్రె తొడలు మోసే చేతులు నావి. చొక్కా కాలరు దొరకబుచ్చుకుని గుంజితే ఇద్దరం బోర్లా పడ్డాం. వాడి వీపు మీద మోకాలు పెట్టి అదిమాను.

"ఎక్కడికిరా? నాకు చెప్పి గంట కాలేదు, ఎక్కడికి?"

"కుక్క అక్కా!" నోట్లో ఇసుక. "ఆయన కుక్క... మూడు కాళ్ళు... అమ్మ ఇప్పుడే చెప్పింది, పిక్లెట్ అని!"

నేను వదల్లేదు. ఆ మాట ఇప్పటికీ నాకు నిద్రలో వినబడుతుంది, ఆ మాట విన్నాక కూడా వాణ్ణి వదలకుండా అదిమిపెట్టిన నా మోకాలు గుర్తొస్తుంది. అబద్ధమేమో. నన్ను వదిలించుకోడానికి అప్పటికప్పుడు పుట్టించాడేమో. కారులో నాకు కుక్క కథ చెప్పింది కూడా ఇందుకేనేమో. భయపడ్డ బుర్ర ఎన్ని అల్లుకుంటుందో! ఎవర్నుంచి ఎవర్ని కాపాడాలో తెలియక వాడి మీద అలాగే కూర్చున్నాను.

"వాడికి అన్నీ నేనే చెప్పానక్కా," అని ఏడుస్తున్నాడు. "ఈ ఇల్లు, తలుపులకి గడియ వెయ్యరని, జనవరి ఎండాకాలం సెలవుల్లో పిల్లలుంటారని, అన్నీ. మాట్లాడ్డానికి ఇంకేం ఉన్నాయి నాకు? నన్ను ఇక్కడే కట్టేసి వెళ్ళు. ముందు నువ్వు వెళ్ళు!"

కట్టేసి వెళ్ళు అన్నాడు చూడండి, అప్పుడు నమ్మాను.

లేచి పరుగెత్తాను. వాడు నా వెనకే వచ్చాడు, నేను ఆపలేదు. రాళ్ళ మీద కాళ్ళు కోసుకుపోతున్నా తెలియలేదు.

మడుగుల దగ్గర అంతా ఎంత మామూలుగా ఉందో చెబితే నమ్మరు. నీళ్ళలో ఎండ. బట్టతల, పొట్ట, వెలిసిపోయిన క్రికెట్ చొక్కా, అచ్చం ఎవరి తాతయ్యో అన్నట్టున్న మనిషి ఫ్లిన్‌ని భుజాల మీద ఎక్కించుకుని నిలబడ్డాడు. ఇమ్మీ నెత్తిన ఆయన టోపీ. కాళ్ళ దగ్గర మూడుకాళ్ళ కుక్క నాలుక వేలాడేసుకుని చూస్తోంది.

"అమ్మా!" ఇమ్మీ ఎగిరింది. "రస్ వాళ్ళ కారవాన్లో ఐస్‌క్రీము ఉందంట! ఇప్పుడే వెళ్తున్నాం!"

"ఫ్లిన్‌ని దించండి," అన్నాను.

"అయ్యో, బరువేం లేదులెండి," అన్నాడు రస్. నవ్వు చల్లగా, తీరిగ్గా ఉంది. ఆ నవ్వు నన్ను దాటి వెనక్కి పోయింది. "హేడెన్! వచ్చావా! ఎన్నాళ్ళుగానో చూడాలనుకుంటున్నానయ్యా. అనుకున్నదానికంటే బక్కగా ఉన్నావే!"

హేడెన్ నిలబడిపోయాడు. రొప్పుతున్నాడు.

వెనకనుంచి అమ్మ ఆయాసపడుతూ వచ్చింది, చేతిలో డబ్బా తెరిచే కత్తి అలాగే ఉంది. "ఏమైందర్రా, పామేమైనా కరిచిందా? ఆగు, ఏమన్నావు రస్? మావాడు నీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటండీ! రెండేళ్ళ స్నేహం మాది."

అమ్మ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూడలేకపోయాను. కొడుక్కి ఒక స్నేహితుడుండాలని ఆవిడ ఎన్నేళ్ళు ఏడ్చిందో నాకు తెలుసు. "ఒరేయ్, వీడికి స్నేహితుడున్నాడా! నాకొక్క ముక్క చెప్పలేదేం? అందుకా బాబూ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చావు!"

"అవునండీ," అన్నాడు రస్. హేడెన్ కళ్ళలోకి చూస్తూ, మెత్తగా అన్నాడు. "మనం ఎలా కలిశామో అమ్మకి చెప్పవోయ్. అందరికీ చెప్పు. అక్క కూడా ఉంది."

వాడి ధీమా అంతా అందులో ఉంది. నోరు తెరిస్తే ముందు మునిగేది నువ్వే అంటున్నాడు. హేడెన్ నోరు తెరవడని వాడికి నమ్మకం. రెండేళ్ళు కూర్చుని విన్నాడు కదా, వీడికి దేనికి భయమో వీడికంటే వాడికే బాగా తెలుసు.

నా తమ్ముడి మొహంలో రక్తం లేదు. చెప్పొద్దురా, నేను చూసుకుంటాను, పిల్లల్ని తీసుకుని పోదాం, చాలు అనుకున్నాను. ఈ మాట బయటికొస్తే వీడు ఇక ఈ ద్వీపంలో బతకలేడు.

"పిల్లల్ని చూస్తే తప్పుడు ఆశలు పుట్టే మగవాళ్ళు కంప్యూటర్లో కలుసుకునేచోట కలిశామమ్మా," అన్నాడు హేడెన్. తడబడలేదు. "నేనూ వాళ్ళలో ఒకణ్ణే. నేను ఎవర్నీ ఏమీ చెయ్యలేదు. ఈయన చేస్తాడు. చెయ్యడానికే వచ్చాడు. ఈయన రాసినవన్నీ నా దగ్గరున్నాయి. ఫ్లిన్‌ని దించు రస్."

అమ్మ ఒకసారి నవ్వబోయింది, మా ఇద్దరి మొహాలూ చూసి ఆగిపోయింది. రస్ మెల్లగా ఫ్లిన్‌ని దించాడు. "మీ హేడెన్‌కి ఒంట్లో బాగున్నట్టు లేదండీ," అని ఇమ్మీ నెత్తి మీంచి టోపీ తీసుకుని, కుక్కని పిలుచుకుంటూ, ఎక్కడా తొందర లేకుండా కారవాన్ వైపు నడిచాడు.

అమ్మ ఉరికి పిల్లలిద్దర్నీ రెక్కలు పట్టుకుని తన వెనక్కి లాక్కుంది. రస్ వెళ్ళేవైపు నుంచి కాదు. హేడెన్ నుంచి. కత్తి ఉన్న చెయ్యి వాడికేసి చాపి, "దగ్గరికి రాకు," అంది. ఆవిడ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

వాడు ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. "సరేనమ్మా," అన్నాడు.

కెల్ప్ కోవ్ మొత్తంలో ఫోను కాస్తయినా పనిచేసేది నీళ్ళ ట్యాంకు ఉన్న గుట్ట మీదే. ఎక్కుతూ దారిలో పక్కింటి ముసలి క్లారీతో ఒక్కటే చెప్పాను. "ఆ కారవాన్ బయటికి పోకూడదు." ఎందుకని అడగలేదు ఆయన. పడవలు నీళ్ళలోకి దించే ట్రాక్టరు తీసుకెళ్ళి ఉన్న ఒక్క రోడ్డుకీ అడ్డంగా పెట్టి, ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, దాని మీదే కూర్చుని సిగరెట్ చుట్టుకున్నాడు. రస్ హారను కొట్టాడు, బతిమాలాడు, చివరికి అమ్మా అక్కా అంటూ బూతులెత్తుకున్నాడు. క్లారీ చెవిటివాడిలా పొగ వదిలాడు. చేప తెచ్చినవాడి నోట్లోంచి ఆ మాటలు వచ్చాక చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కూడా వచ్చి ట్రాక్టరు పక్కన నిలబడ్డారు.

నేను పోలీసులతో మాట్లాడాక హేడెన్ తన ఫోను పట్టుకుని గుట్టెక్కి వచ్చాడు. ఓఫా గారికి చేశాడు. ఆవిడేం చెప్పిందో వినబడలేదు గానీ వాడు మాత్రం "తెలుసండీ. తెలుసు. నా పేరుతోనే ఇస్తాను," అన్నాడు.

పోలీసు బండి వచ్చేసరికి ఎండ వాలింది. అందులో వచ్చిన పోలీసావిడ నడివయసుది. కారవాన్ దగ్గర ఇద్దరు పోలీసులుండిపోయారు. ఆవిడ మా వరండాలో కూర్చుని హేడెన్ ల్యాప్‌టాప్ తెరిపించింది. చదువుతున్నకొద్దీ ఆవిడ దవడ బిగుసుకుంది. ఒకచోట ఆగి, "ఈ ఇంటి ఫోటో మీరే పంపారా?" అంది. వాడు తలూపాడు. ఆవిడ వాణ్ణి ఒక చూపు చూసింది. ఇకమీదట వాడు బతికినంతకాలం జనం చూడబోయే చూపు అదేనని నాకు అర్థమైంది.

"బలవంతమేం లేదు. కానీ స్టేషనుకొచ్చి అంతా చెబితే మంచిది," అందావిడ. తర్వాత నావైపు తిరిగింది. "ఇతను ఎప్పుడైనా మీ పిల్లలతో ఒంటరిగా ఉన్నాడా?"

"లేదండీ. మేం ఎన్నిసార్లు రమ్మన్నా వాడే రాలేదు. మాకు అర్థం కాక ఏడిపించేవాళ్ళం," అన్నాను.

ఆవిడ రాసుకుంది. అమ్మ లోపల తలుపేసుకుని పిల్లల్ని పట్టుకుని కూర్చుంది. బయటికి రాలేదు, కొడుకు వెళ్తున్నాడని తెలిసినా రాలేదు. ఆవిణ్ణి తప్పుపట్టలేను. నాకూ లోపలికి పోయి ఆ గదిలోనే దూరాలని ఉంది.

హేడెన్ మెట్లు దిగుతుంటే వెనక తలుపు తెరుచుకుని ఇమ్మీ దూసుకొచ్చింది. దానికేం తెలుసు? మామయ్య వచ్చాడు, పలకరించకుండా పోతున్నాడు, అంతే తెలుసు. "మామయ్యా!" అంటూ చేతులు చాపుకుని వాడికేసి పరుగెత్తింది.

వాడు గబుక్కున వెనక్కి జరిగి, రెండు చేతులూ పైకెత్తేశాడు, తుపాకి చూపిస్తే ఎత్తినట్టు. ఎత్తి నాకేసి చూశాడు.

నాకు భయమేసింది. ఆ మధ్యాహ్నం వాడు చేసింది నా కళ్ళతో చూశాను, అయినా భయమేసింది. ఒక్క ఉరుకున వెళ్ళి ఇమ్మీ నడుం చుట్టూ చెయ్యేసి ఆపాను.

"ఊఁ, అంతే. అలాగే పట్టుకో అక్కా," అన్నాడు. నా మీద కోపం కాదు, వాడి గొంతులో ఏదో నెమ్మది ఉంది.

పోలీసావిడ బండి తలుపు తీసి నిలబడింది. పిల్ల గింజుకుంటోంది. నేను దాన్ని వదలకుండానే రెండో చెయ్యి చాపి, పైకెత్తిన వాడి చేతుల్లో ఒకదాన్ని అందుకుని కిందికి దించాను. మంచుముక్కలా ఉంది. పోలీసావిడ ఒకసారి పిలిచింది, రెండోసారి పిలిచింది. ఇంకాసేపు ఆగమన్నాను.